వరండాలో తొమ్మిది రోజులు

మా తమ్ముడి మనవరాలు ఆమధ్య ఫోను పట్టుకుని వచ్చి నా మంచం మీద కూలబడింది. తొమ్మిదో తరగతికి అది లైనవతలి హైస్కూలుకి మారాలనుకుంటోంది. ఇక్కడి బడిలో లెక్కల మాస్టారు లేక ఏడాదైంది, అక్కడ ఇద్దరున్నారట. ఫారం నింపి పంపితే ఖాళీ లేదని జవాబు వచ్చింది.

"ఐపోయింది మామ్మా. సీటు నేదట," అంది.

"సీటు నేకపోతే ఏటి? మ్యూచువల్ సూడు," అన్నాను.

"అదేటి?"

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. మూడు తరాలు రైల్వే అన్నం తిన్న ఇంట్లో పుట్టి మ్యూచువల్ అంటే ఏమిటని అడుగుతోంది. తప్పు దానిది కాదులెండి. దాని తండ్రి ప్రేమ్‌బజారు పేటలో ఫొటోస్టాట్ కొట్టు పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో పాసుల గురించి, గ్రేడుల గురించి, బదిలీల గురించి మాట్లాడే మనిషే లేడు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నా కథ చెప్పాను. దానికి చెప్పని ముక్క ఒకటుంది. అది కూడా ఇక్కడ చెబుతాను.

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ల వరుసలో అందరికీ గడియారం వర్క్‌షాపు కూతే. మొదటి కూతకి పొయ్యిలు అంటుకునేవి, రెండో కూతకి మగవాళ్ళ సైకిళ్ళు బారులు తీరేవి. మా నాన్న రైలు పెట్టెలు కట్టే క్యారేజీ షాపులో వడ్రంగి. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే టేకు పొట్టూ వార్నిషూ కలిసిన వాసన వచ్చేది, లోపలి నుంచి అమ్మ వేపుతున్న మెత్తళ్ళ వాసన ఎదురొచ్చేది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా కొత్త బీరువా తలుపు తెరిస్తే నాకు ఆకలేస్తుంది.

పెద్దవాళ్ళు ఆరుబయట నులకమంచాలు వేసుకుని మాట్లాడుకునేవన్నీ బదిలీల ముచ్చట్లే. ఖరగ్‌పూర్‌లో ఉన్నవాడికి విశాఖపట్నం వెళ్ళాలని ఉంటుంది. విశాఖపట్నంలో ఉన్నవాడికి అత్తవారు ఖరగ్‌పూర్‌లో ఉంటారు. ఇద్దరిదీ ఒకటే పని, ఒకటే గ్రేడు అయితే చాలు, కలిసి ఒక దరఖాస్తు పెట్టుకుని ఒకరి చోటికి ఒకరు వెళ్ళిపోవచ్చు. అదే మ్యూచువల్. సంబంధాలు వెతికినంత శ్రద్ధగా మావాళ్ళు మ్యూచువల్ వెతికేవారు. "అబ్బాయి మంచోడే గానీ సీనియారిటీ తక్కువ," అని పెదవి విరవడం నేను చెవులారా విన్నాను.

ఈ దరఖాస్తులన్నీ రాసేది నేనే. నా దస్తూరీ బాగుండేది. ఇంగ్లీషు అంతంతమాత్రమే, కానీ దరఖాస్తు ఇంగ్లీషుకి వ్యాకరణంతో పని లేదు, వినయం ఉంటే సరిపోతుంది. నాన్న పెట్టెలో పాత నకళ్ళు నాలుగైదు ఉండేవి. పేరు మార్చి, షాపు టికెట్ నంబరు మార్చి దించెయ్యడమే. దరఖాస్తుకి ఒక సింగాడా, అదే సమోసా, నా ప్రతిఫలం, చలికాలమైతే ఖర్జూరపు బెల్లం ముక్క. ఒకసారి ఒకాయన సెలవు చీటీలో పేరు మార్చి కారణం మార్చడం మరిచిపోయాను. నిక్షేపంలాంటి అత్తగారు పోయిందని షాపు షాపంతా ఆయన్ని ఓదార్చింది. ఆ సాయంత్రం అత్తగారు మా గుమ్మంలో నిలబడి, "నన్ను సంపీసిన గుంట ఏదే? ఒకసారి ఇలా రమ్మను," అని కేకేసింది. నేను గంటసేపు పెరట్లో బొగ్గుల డ్రమ్ము వెనక దాక్కున్నాను.

మా వరుస చివరింట్లో రైల్వే ఆసుపత్రి కాంపౌండరు ఉండేవాడు. తెల్ల కోటు వేసుకుని, ఏ సీసాలో ఏముందో మూత వాసన చూసి చెప్పేవాడు. నేను కూడా మందులు కలిపే మనిషిని కావాలని ఆరో తరగతిలోనే తేల్చుకున్నాను. మా తెలుగు బడిలో తొమ్మిదో తరగతిలో సైన్సు లేదు, ప్రయోగశాల అసలే లేదు. లైనవతలి ఆడపిల్లల హైస్కూల్లో రెండూ ఉన్నాయి. అక్కడ చేరితేనే నాకు తెల్ల కోటు. లేకపోతే లేదు.

నాన్న నన్ను తీసుకుని వెళ్ళాడు. హెడ్మిస్ట్రెస్‌ని అక్కడ బెంగాలీ పద్ధతిలో అందరూ బొడ్‌ది అనేవారు, పెద్దక్క అని. మెడదాకా గుండీలు పెట్టిన తెల్ల జాకెట్టు, సన్నంచు చీర. సీటు లేదని ఒక్క మాటలో చెప్పేసింది. తిరుగు దారిలో ఓవర్‌బ్రిడ్జి మెట్లమీద నాన్న సైకిలు భుజాన వేసుకుని ఎక్కుతున్నాడు. వెనకనుంచి నేను అడిగాను.

"నాన్నా, అటు బడినుంచి ఇటు వొచ్చీ గుంట ఎవులైనా వుంటే? మ్యూచువల్ పెట్టకూడదేటి?"

ఆయన సైకిలు దించాడు. "గుంటా, షాపులో ఇంతమందున్నాం, ఒక్కలికీ తట్టనేదు సూడు," అన్నాడు. నేను పొంగిపోయాను. బళ్ళలో అలాంటి పద్ధతి ఉందా లేదా అన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. రైల్వేలో ఉంది కాబట్టి లోకంలో ఉన్నట్టే.

రెండో కూత వేళ సైకిలు స్టాండు దగ్గర నాన్న వేసిన మాట నాలుగు రోజుల్లో ఊరి ఆ కొసనున్న నిమ్‌పురా చేరింది. అక్కడ లోకోషెడ్డు ఖలాసీ ఒకాయన కూతురు అదే హైస్కూల్లో తొమ్మిదిలో ఉంది. ఎనిమిది రెండుసార్లు చదివింది. పాఠాలన్నీ ఇంగ్లీషులో, తిట్లన్నీ బెంగాలీలో. ఆ బళ్ళోకి వెళ్తే పిల్లకి నోరు పెగలడం లేదని, తెలుగు బళ్ళో వేస్తే బాగుండునని తల్లి పోరు. గ్రేడు ఒకటే, పని ఒకటే. సంబంధం కుదిరింది.

దరఖాస్తు నేనే రాశాను. ఇద్దరం స్వచ్ఛందంగా ఒకరి స్థానానికి ఒకరు మారుటకు అంగీకరిస్తున్నామనీ, ఇద్దరిలో తక్కువ సీనియారిటీని స్వీకరిస్తామనీ, బదిలీ భత్యం గానీ జాయినింగ్ టైమని ఇచ్చే సెలవు గానీ కుటుంబానికి పాసు గానీ కోరబోమనీ, నాన్న పెట్టెలోని నకలు ఎలా ఉంటే అలాగే ఇంగ్లీషులో దించాను. ఇద్దరు తండ్రులూ సంతకాలు చేశారు. ఇద్దరు సాక్షులు చేశారు. ఒకాయన వేలిముద్ర కూడా వేశాడు, అడగకుండానే.

రైల్వేలో ఒక చోట స్పేర్ చేస్తే, అంటే వదిలిపెడితే గానీ ఇంకో చోట చేర్చుకోరు. అందుకని ఇద్దరు తండ్రులూ ఒకేరోజు సెలవు పెట్టి, పొద్దున రెండు బళ్ళలోనూ మా పేర్లు కొట్టించి టీసీలు తీసేసుకున్నారు. పొద్దున స్పేర్, మధ్యాహ్నం జాయినింగ్. ఓవర్‌బ్రిడ్జి నడిమధ్యన మేం కలుసుకున్నాం. నిమ్‌పురా పిల్లని చూడడం అదే మొదలు. బక్కగా ఉంది, రెండు జడలకీ నూనె కారుతోంది. తండ్రులు చేతులు కలుపుకున్నారు. ఆ పిల్ల తన ఖాకీ సంచీలోంచి మామిడి తాండ్ర తీసి సగం విరిచి నాకిచ్చింది.

"మూడో బెంచీ, కిటికీ పక్కన," అంది. "మేకు లేసి వుంటాది. గౌను సూసుకో."

"నాది ముందు బెంచీ. రోల్ నంబరు ఒకటి," అన్నాను, గొప్పగా. ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఎప్పుడూ ఒకటో నంబరులో కూర్చుని ఎరగదు పాపం.

మధ్యాహ్నం బొడ్‌ది ఆఫీసులో గుమాస్తా మా దరఖాస్తు పైకి చదివాడు. జాయినింగ్ టైము దగ్గరికి వచ్చేసరికి నవ్వాపుకోలేక కుర్చీ చేయి పట్టుకున్నాడు. బొడ్‌ది నవ్వలేదు. ఖాళీ అయిన సీటు ఆ పొద్దునే, సీటు కోసం కాచుకున్నవాళ్ళ పట్టీలో మొదటి పిల్లకి ఇచ్చేశామనీ, బళ్ళలో ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు లేవనీ నాన్నకి హిందీలో చెప్పింది. అటు తెలుగు బళ్ళో కూడా అంతే. ఏడాది మొదలైపోయింది, పై ఆఫీసు ఉత్తర్వు లేనిదే ఎవర్నీ చేర్చుకోకూడదన్నారు. పొద్దున కొట్టేసిన నా పేరు తిరిగి రాయడానికీ అదే అడ్డు.

ఆ సాయంత్రం మా ఇంట్లో మెత్తళ్ళు మాడిపోయాయి. మా మామ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని, "ఓలమ్మో, బంగారంలాటి గుంట! ఏ పుస్తకంలోనూ పేరు నేకుండా సేసీసినారు," అని వీధికి వినపడేలా మొదలెట్టింది. నాకు మాత్రం అప్పుడు తెలిసింది భయమంటే ఏమిటో. ఏడాది పోతుంది. ఏడాది పోయాక నన్ను ఏ బడి చేర్చుకుంటుంది? తెల్ల కోటు మాట దేవుడెరుగు, నేను ఏ తరగతి అని ఎవరైనా అడిగితే చెప్పడానికి లేదు.

నాన్న చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. తప్పు చేసినవాడి మొహం కాదు అది.

"స్పేర్ అయిపోయిన మనిషిని జాయిన్ సేసుకోకపోతే ఏటవుతాది? ఆర్డరు కోసం సూస్తన్నట్టు. రోజూ టైముకి ఎల్లి రిపోర్ట్ సెయ్యాలి. కూసోవాలి. నేకపోతే ఆబ్సెంటు కింద రాసీసుకుంటారు. రేపట్నించి ఎల్లు. రిపోర్టు రాసి ఇయ్యి, రెండో కాపీ మీద సంతకం తీసుకో."

"బళ్ళో కూడా అంతేనా నాన్నా?"

"ఎక్కడైనా అంతే," అన్నాడు. ఆయనకి తెలియదు. కానీ ఆ గొంతు విన్నాక నాకు అన్నం సయించింది.

మర్నాడు పదిన్నరకి గుమాస్తా బల్ల ముందు నిలబడి కాగితం ఇచ్చాను. ఈ పూట పదిన్నర గంటలకు విధులకు హాజరైనాను, తగు ఉత్తర్వులు ప్రార్థిస్తున్నాను అని దాని సారాంశం. రెండో కాపీ మీద సంతకం పెట్టనని గుమాస్తా తరిమాడు. బయట స్టూలు మీద, అందరూ దాదా, అంటే అన్న, అని పిలిచే ప్యూను ఉన్నాడు. "దావ్, ఆమీ కోరే దిచ్ఛి," ఇలా తే, నేను పెడతా అని, మీసం తిప్పుకుంటూ బెంగాలీలో బారెడు సంతకం చేశాడు. అప్పట్నుంచి రోజూ ఆయనే.

తొమ్మిదో తరగతి కిటికీ కింద వరండాలో కూర్చునేదాన్ని. సైన్సు టీచరమ్మ గొంతు గట్టిది, నా అదృష్టం. ఆమె ఇంగ్లీషులో సగం అర్థమయ్యేది, సగం నల్లబల్ల చూసి ఊహించేదాన్ని. తలెత్తితే మూడో బెంచీ మీద కొత్త పిల్ల కనపడేది, పట్టీలో మొదటి పిల్ల. మేకుకి గౌను చిరిగి వరసగా రెండు రోజులు ఏడ్చింది. నేను చెప్పలేదు. అంత మంచితనం నాకప్పుడు లేదు.

సాయంత్రాలు నిమ్‌పురా పిల్లా నేనూ ఓవర్‌బ్రిడ్జి మీద కలుసుకునేవాళ్ళం. ఆ పిల్ల కూడా తండ్రి మాట మీద తెలుగు బడి వరండాలో రిపోర్ట్ చేస్తోంది. ఆవనూనె ఘాటు కొట్టే మరమరాల ఝాల్‌మురి ఒక పొట్లం తీసుకుని ఇద్దరం పంచుకునేవాళ్ళం. కిందనుంచి గూడ్సు వెళ్తుంటే పెట్టెలు లెక్కపెట్టి, సరిసంఖ్య వస్తే రేపు సీటు వస్తుందనుకునేవాళ్ళం. తెలుగు బడిలో రెండో తరగతి టీచరు సెలవులో ఉందట. పిల్లలు వరండాలోకి వచ్చి ఈ పిల్ల చుట్టూ మూగుతున్నారట.

"ఏటి సేత్తన్నావు వోల్లతోటి?"

"పద్యాలు సెప్తన్నాను. మా అమ్మ నేర్పినవి," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆ పిల్లకి నోరు బాగానే పెగిలింది.

తొమ్మిదో రోజు బొడ్‌ది నన్ను లోపలికి పిలిచింది. బల్ల మీద నా తొమ్మిది రిపోర్టులు దొంతరగా ఉన్నాయి. రెండో కాపీలు కూడా ఇమ్మంది. ప్యూన్ దాదా సంతకాలు ఒక్కొక్కటీ చూసింది. అప్పుడు కూడా నవ్వలేదు గానీ, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"జానలా దియే కీ శిఖ్‌లే?" అని అడిగింది. కిటికీలోంచి ఏం నేర్చుకున్నావని.

తరగతిలోకి తీసుకెళ్ళి చేతికి సుద్దముక్క ఇచ్చింది. ఉప్పునీటిలోంచి ఉప్పు ఎలా వేరు చేస్తారో బొమ్మ గీసి, నా దరఖాస్తు ఇంగ్లీషులో చెప్పాను. ప్రతి వాక్యం చివరా "తమరి దయ వలన" అన్నట్టే ఉండి ఉంటుంది. పిల్లలు నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. ఉప్పు సరిగ్గా వచ్చింది.

మూడో బెంచీ పిల్ల తండ్రికి ముందురోజే ఆద్రా డివిజన్‌కి బదిలీ ఆర్డరు వచ్చిందట. సీటు మళ్ళీ ఖాళీ. "పట్టీలో ఇంకా ఆరుగురున్నారు," అంది బొడ్‌ది హిందీలో. "వాళ్ళెవరూ రోజూ రిపోర్ట్ చెయ్యడం లేదు." రిజిస్టరు తెప్పించి, నా పేరు తనే రాసి, వెళ్ళి కూర్చోమంది.

వెళ్ళి కూర్చున్నాను. ఇంతవరకే మా పిల్లకి చెప్పాను.

చెప్పనిది ఇది. మ్యూచువల్‌లో ఇద్దరూ చేరితేనే చేరినట్టు. ఒకరు చేరి ఒకరు మిగిలిపోతే చేరినవాడి మొహం ఎవరూ చూసేవారు కాదు మా కాలనీలో. అటు నిమ్‌పురా పిల్ల సంగతేమిటని నేను బొడ్‌దిని అడగొచ్చు. ఒక్క మాట. అడగలేదు. అడిగితే నాది కూడా ఆగిపోతుందేమోనని భయం. ఆ సాయంత్రం ఓవర్‌బ్రిడ్జి మీద ఆ పిల్ల నాకంటే ముందే వచ్చి, ఝాల్‌మురి కొని, తినకుండా నిలబడి ఉంది.

"ఏటైనా తెలిసినాదా?" అంది.

"నేదు. ఇంకా ఏటీ తెలీదు," అన్నాను.

అబద్ధం ఆడడానికి కారణం కూడా లేదు. మర్నాడు ఎలాగూ తెలిసిపోతుంది. ఆమె పొట్లం నావైపు జరిపింది. నాకు సిగ్గేసింది, అయినా తిన్నాను. మర్నాడు పొద్దున నేను వరండాలో కాక లోపల కూర్చున్నాను. సాయంత్రం ఓవర్‌బ్రిడ్జి మీద ఆగకుండా, తలొంచుకుని మెట్లు దిగిపోయాను. అయిదు రోజుల పాటు అలాగే దిగాను.

ఆరో రోజు నాన్న కబురు తెచ్చాడు. తెలుగు బడి పెద్దమాస్టారు వరండాలో పిల్లలు గొడవ చెయ్యకుండా కూర్చుని ఉండడం చూసి, ఎవరీ అమ్మాయి అని ఆరా తీసి, ఉత్తర్వు వచ్చినప్పుడు వస్తుందిలే అని రిజిస్టర్లో ఎక్కించేశాడట. మొదటి బెంచీ. రోల్ నంబరు మాత్రం చిట్టచివరిది. ఆ వేళ నేను ఓవర్‌బ్రిడ్జి మీద ఆగాను. ఆమె కూడా ఆగింది.

నేను తెల్ల కోటు వేసుకున్నాను. రైల్వే ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళకి పైగా మందులిచ్చి, నా కాళ్ళ మీద నేను నిలబడి, నా పింఛను నేను తింటున్నాను. ఆ విషయంలో నాకు ఏ మొహమాటమూ లేదు, నాకు దక్కినది నేను సంపాదించుకున్నదే. నిమ్‌పురా పిల్ల ఆ తెలుగు బళ్ళోనే టీచరైంది. ఆ వరండాలోనే రెండో తరగతి చెప్పింది. పిల్లలు తగ్గి తగ్గి తెలుగు తరగతులు ఎత్తేసినప్పుడు, చివరి పిల్లల టీసీలు రాసింది ఆమే. ఇప్పుడా గదుల్లో పాత కుర్చీలు పడేశారు. వర్క్‌షాపు కూత ఇప్పటికీ వేస్తున్నారు గానీ, దానికి పొయ్యి అంటించేవాళ్ళు లేరు.

మా మనవరాలికి మ్యూచువల్ వెతకాలంటే నేను ఫోను చేసింది ఆమెకే. వారంలో దొరికింది. నిమ్‌పురాలో వాళ్ళ సందులోనే ఒక పిల్ల అవతలి బళ్ళో చదువుతోంది, రోజూ అంత దూరం సైకిలు తొక్కలేక ఇటు వస్తానంటోంది. ఈసారి ముందుగా రెండు బళ్ళ పెద్దలనీ కలిసి, ఒప్పించి, ఆ తర్వాతే టీసీలు అడిగించాం. ఆ మాత్రం బుద్ధి వచ్చింది. దరఖాస్తు నేనే రాశాను. జాయినింగ్ టైము అక్కర్లేదన్న ముక్క మాత్రం సరదాకి ఉంచాను.

నిన్న పిల్లలు చేరే రోజు. ఆమె పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. ఇద్దరం ముందు గదిలో కూర్చుని మరమరాలు ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేసి కలుపుకున్నాం. ఫోను మధ్యలో పెట్టుకున్నాం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోట్లోంచి రానిది, మరమరాలు నములుతూ అనేశాను.

"ఆ వేళ నీకు అబద్ధం సెప్పినాను."

"ఏ వేళ?"

"తొమ్మిదో రోజు. బ్రిడ్జి మీద. అప్పటికే నన్ను సేర్సుకున్నారు."

ఆమె కళ్ళజోడు మీదుగా నన్ను చూసింది. "తెలుసునే. నీ గౌను నిండా సుద్దపొడి. వరండాలో కూసున్నదానికి సుద్దపొడి ఎక్కడ్నించి వొత్తాది?"

"తెలిసీ నాకు పొట్లం ఇచ్చినావా?"

"ఇయ్యకపోతే ఏటి? ఆకలితో వొచ్చినావు కదా," అంది.

నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే ఫోను మోగింది. మా మనవరాలు. చుట్టూ పిల్లల గోల వినపడుతోంది.

"మామ్మా, నా పేరు రాసీసినారు. కిలాసులోకి ఎల్లమన్నారు. కానీ అటు ఆ పిల్లది ఇంకా అవనేదట, మేడమ్ సంతకం పెట్టాలట. దానిది కూడా అయ్యేక ఎల్తానని సెప్పి బయట కూసున్నాను. పర్లేదు కదా?"

ఫోను ఆమె చేతిలో పెట్టాను.

"కూసో అమ్మా," అంది ఆమె. "నీడ సూసుకుని కూసో. ఏటైనా తిన్నావా?"